దిద్దకుండా మిగిలిన తప్పు

అక్కా,

ఎలా ఉన్నావని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. నీ కుట్టుమిషను చప్పుడు వినక మూడేళ్ళయింది. అది పక్కన లేకపోతే నాకిప్పటికీ ఏదీ బుర్రకెక్కదు.

నాకు టీచరుద్యోగం వచ్చిన రోజు నువ్వన్నావు, "ముందు నీ తప్పొకటి చెప్పుకో, తర్వాతే వాళ్ళ తప్పులు దిద్దు" అని. ఇప్పుడు క్లాసులో రోజూ అదే చేస్తున్నాను. పిల్లలు నోటుపుస్తకాలు దాచుకోవడం మానేశారు.

నిన్న చెప్పుకోవడానికి ఒక్కటే మిగిలింది. మూడేళ్ళ కిందట నన్ను చదివించిన అక్క బడికొస్తే, తోటి టీచర్లకి "మా బట్టలు కుట్టే ఆవిడ" అని చెప్పానన్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్ల అడిగింది, "మరి అది ఇంకా దిద్దుకోలేదా టీచర్?"

సోమవారం రా అక్కా. నా కుర్చీ పక్కన పిల్లలు నీకూ ఒకటి వేసి ఉంచారు. తోటి టీచర్లనీ పిలవమన్నారు. నువ్వెవరో ఈసారి నేను సరిగ్గా చెప్పాలట.

నీ చెల్లి