మా అక్క బడిలో సీటు

నవంబర్ 6

స్కీమ్ పాసయింది. రాసింది నేను. పైకి చెప్పుకుంటే బాగుండదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను: మా డిపార్ట్‌మెంట్‌లో ఇంత మంచి పని ఈమధ్య ఎవడూ చేయలేదు.

ఇంతకాలం ప్రభుత్వ డబ్బు బడికి పోయేది. పిల్లలు వచ్చినా రాకపోయినా పోయేది. వచ్చే ఏడాది నుంచి ప్రతి బిడ్డకీ ఒక కూపన్. అమ్మానాన్నలు దాన్ని ఏ బడిలో ఇస్తే డబ్బు ఆ బడికి. ప్రైవేటుదైనా సరే, ప్రభుత్వానిదైనా సరే. నాలుగు వంకాయలు కొనడానికి పది దుకాణాలు తిరిగే తల్లికి బడి ఎంచుకోవడం చేతకాదా అని మీటింగ్‌లో అడిగాను. బల్లలు చరిచారు. మా ఆఫీసరు కూడా చరిచాడు. ఏ ఖర్చు కనబడినా కోసేస్తాడని ఆయనకు మేం పెట్టుకున్న పేరు కత్తెర.

నవంబర్ 9

అక్కకు చెప్పడానికి వెళ్లాను. అక్క ఒక ప్రభుత్వ బడిలో హెడ్మిస్ట్రెస్. భుజం తడుతుందనుకున్నాను. తీసుకెళ్లి కుళాయి చూపించింది.

ఆడపిల్లల బాత్రూంలో అది చెడిపోయి ఏడాది దాటిందట. వాషర్ వేయించాలన్నా ఫైలు హెడ్డాఫీసుకు వెళ్లాలి. వెళ్లింది. కుళాయి బాగుపడలేదు గానీ, అడగని ఇనుప బీరువాలు లారీలో దిగాయి. హెడ్డాఫీసు టోకున కొని అన్ని బళ్లకూ పంచిందట. పెట్టడానికి ఏమీ లేక వాటి వెనక పిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటున్నారు. ఎదురుగా ఉన్న ప్రైవేటు బడివాడు పొద్దున విరిగింది సాయంత్రానికి బాగుచేయించుకుంటాడు, నాకు మేకు కొనే అధికారం కూడా లేదు, అంది. ఆ తర్వాత అన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చేతులు కట్టేసి ఈతపోటీకి దింపావు కదరా. మునిగాక నాకు ఈత రాదంటావు."

ఆడలేక మద్దెల ఓడని నేనూ అనేశాను. టీ తాగకుండా వచ్చేశాను.

నవంబర్ 10

అక్క చెప్పింది నిజం. నలభై పేజీల స్కీమ్‌లో హెడ్మాస్టరు చేతికి డబ్బివ్వాలన్న ముక్క ఎక్కడా లేదు. కొనేవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చాను, అమ్మేవాళ్లకు ఇవ్వడం మరిచాను. మార్కెట్ గురించి నోరు తెరిస్తే మూయని మనిషిని! తల కొట్టేసినట్టయింది.

నవంబర్ 24

కత్తెర దగ్గర రెండు వారాలుగా ఒకటే పోరు. బళ్ల చేతికి డబ్బిస్తే తినేస్తారంటాడు. తింటే పిల్లలు పోతారు, పిల్లలతోపాటు వచ్చే ఏటి డబ్బూ పోతుంది, అంతకంటే పెద్ద ఆడిటర్ ఎవరండీ అన్నాను. టోకు కొనుగోళ్ల సెక్షన్ మొత్తం నామీద కారాలు మిరియాలు నూరుతోంది. నూరనీ.

చివరికి ఒక్క బడిలో ట్రయల్ చేసి చూపించమన్నాడు. ఒక మెలిక పెట్టాడు. కూపన్లు వచ్చే నాటికి ఆ బడిలో పిల్లలు ఇప్పటికంటే ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు.

అక్క ఒప్పుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకే చెమటలు పట్టాయి.

డిసెంబర్ 2

డబ్బు అందిన రోజే కుళాయి బాగయింది. వీధి మొగలో ఉండే ప్లంబరు చేశాడట.

జనవరి 22

అక్కను పట్టుకోలేకపోతున్నాం. పొద్దుటి షిఫ్టుకు మిల్లుకు వెళ్లే తల్లుల కోసం బడి ఏడింటికే తెరుస్తోంది. అయిదో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు వేరే టీచరమ్మను పెట్టింది. బాగా పొద్దెక్కాక వచ్చే లెక్కల మాస్టారిని పిలిచి, వేళకు రండి లేదా వేరే బడి చూసుకోండి అందట. ఆయన వేళకే వస్తున్నాడు.

సాయంత్రం ఒక తరగతిని వీధివైపు మెట్లమీద కూర్చోబెట్టి పైకి చదివిస్తోంది. ఎవరైనా నిలబడి వినొచ్చు. ఇవాళ నేనూ జనంలో నిలబడి విన్నాను. ఒక తల్లి, కొడుకు చదువుతుంటే మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నా మేనల్లుడు కాడు, ఎవరో కూడా తెలియదు, అయినా నా ఛాతీ ఉబ్బింది.

ఏప్రిల్ 20

ఎదుటి ప్రైవేటు బడి బస్సు కొంది. పిల్లలకు టైలు, బూట్లు. గేటుకు బెలూన్లు.

అక్క బడిలో పిల్లల లెక్క మళ్లీ తెప్పించి చూసుకున్నాను.

మే 12

ఒక ఐడియా వచ్చింది. మా అమ్మాయి చిట్టి ఒకటో తరగతికి వచ్చింది. దాని కూపన్ అక్క బడిలో వేస్తాను. ఒక్కరు తగ్గితే మూత అన్నారు కదా, ఆ ఒక్కరూ మా చిట్టే అయితే? ఆఖరి రోజున వెళ్లి ఇస్తే అక్క కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఈ మాట మా ఆవిడతో చెబితే, దానం చేస్తున్నావా, చదివిస్తున్నావా అని అడిగింది. రెండూ అన్నాను. ఆ టీచర్లు బాగున్నారని తను ఫిబ్రవరి నుంచే చెబుతోందట, మొదటి రోజే ఇచ్చిరమ్మంది. ఆడవాళ్లకు డ్రామా తెలియదు అని మనసులో అనుకున్నాను.

మే 31

చిట్టికి కొత్త గౌను వేసి తీసుకెళ్లాను. బడి ముందు వరస వీధి మలుపు దాటింది. ఏదో గొడవ అనుకున్నాను. అందరి చేతుల్లోనూ కూపన్లే. కుళాయి బాగుచేసిన ప్లంబరు కూడా ఉన్నాడు, కూతురితో.

లోపలికి వెళ్లి, అక్కా నేనున్నాను భయపడకు అన్నట్టు కూపన్ చాచాను. అక్క కళ్లజోడు పైనుంచి చూసింది.

"సీట్లు చాలావరకు ఎప్పుడో నిండాయిరా. మిగిలినవాటికి ఎల్లుండి చీటీలు తీస్తున్నాం. చిట్టి పేరూ వేస్తాను, మేనత్తనని దాని చీటీ మడత మాత్రం మార్చను."

వెళ్లి వరసలో నిలబడమంది. నిలబడ్డాను. ముందున్నాయన, ఎవరైనా తెలిసినవాళ్లుంటే సీటొస్తుందా అని అడిగాడు. ఇక్కడ అలాంటివి నడవవండీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంత గట్టిగా ఎందుకన్నానో, వరసలో అందరూ తిరిగి చూశారు.

జూన్ 2

చిట్టికి రాలేదు. ఏడుస్తోంది. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నేను స్వీట్లు కొని ఆఫీసంతా పంచాను. ముందు కత్తెరకు.