పది చింతగింజలు

ఆళ్లగడ్డ,
బుధవారం.

నంద్యాల వయొలిన్ టీచరు కమలాక్షమ్మ గారికి మోక్షిత జేజి నమస్కారం పెట్టి రాసేది.

నా మనవరాలు సాధన చేసేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవాలని మీరు చెప్పారు కదా. కొడుకూ కోడలూ పనికి పోతారు, అందుకని నేనే కూర్చుంటున్నాను. ఒక్కో వరస పదిసార్లు వాయించమన్నారు. ఈ కాలం పిల్లలను నమ్మేదానికి లేదు. అందుకే పది చింతగింజలు ఒళ్లో పెట్టుకుని, వాయించినప్పుడల్లా ఒకటి గిన్నెలో వేస్తాను.

శనివారం పాప "పది అయిపోయినాయి జేజీ" అంది. చూస్తే గిన్నెలో ఆరే ఉన్నాయి.

"ఎవురికి చెప్తాండావ్ అబద్ధాలు? మీ నాయన రానీ, చెప్తా!" అని అరిచాను.

అది వయొలిన్ పెట్టె మూసేసింది. నాలుగు రోజులైనా మళ్లీ తెరవలేదు. నంద్యాలకు ఇంక పోనంటోంది. పోకపోతే వయొలిన్ అమ్మేస్తానని నా కొడుకు అంటున్నాడు.

పక్కింటి సైదాబీ, "పాప వాయిస్తానే ఉండాది, నువ్వే గురక పెడతాంటివి గదమ్మా" అని నవ్వుతుంది. ఆమెకు పాపంటే ముద్దు, వెనకేసుకొస్తోందేమోనని నా అనుమానం. మీరు కూడా దాని పక్కే మాట్లాడతారేమో. అయితే ఆ రోజు మిగతా నాలుగు గింజలూ నా పిడికిట్లో ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నానో గుర్తులేదు.

ఆదివారం పాపను వాళ్ల నాయన ఎట్లాగైనా తీసుకొస్తాడు. నేను రాశానని తెలియనీయకండి. జేజి కునుకు తీస్తే వయొలిన్ కమానుతో పొడిచైనా లేపమనండి. ఆ చివరి నాలుగుసార్లూ నేను వినలేదు, మళ్లీ వాయించమని చెప్పండి.

ఇట్లు,
మోక్షిత జేజి