ఇటానియం, నేను, రోజుకు నలభై పేజీలు

1వ తేదీ, సోమవారం. ఉదయం 5:28

అలారం కంటే రెండు నిమిషాలు ముందే లేచాను. చరిత్రలో నమోదు కావలసిన విషయం.

నిర్ణయం: పదహారు రోజుల్లో సర్వర్ చిప్‌ల చరిత్ర మొత్తం చదివేయడం. పుస్తకం 640 పేజీలు. రోజుకు 40. భాగహారం ఇంత శుభ్రంగా తెగిందంటే పైవాడి దీవెన ఉన్నట్టే.

కారణం: పార్సిల్ కంపెనీ సర్వర్ గదిలో నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. మా పెద్దాయన రిటైరయ్యేదీ అప్పుడే. ఆయన కుర్చీకి 17న ఇంటర్వ్యూ. పోటీలో ఇద్దరం. నేనూ, ఇస్త్రీ చొక్కా. అతనికి పేరు లేకపోలేదు, ఆ చొక్కా మడతల ముందు ఎవరికీ గుర్తురాదు. ఆ కుర్చీ రాకపోతే నాకు బావ జిరాక్స్ షాపులో స్టూలు సిద్ధంగా ఉంది. మూడు కాళ్ల స్టూలు.

పుస్తకం ఇచ్చింది పెద్దాయనే. “ఇది చదివితే నిన్నెవరూ ఏమీ అడగలేరమ్మా” అన్నాడు.

నాలుగు రంగుల్లో టైంటేబుల్ వేసి గోడకి అంటించాను. గంట పట్టింది.

7:40. ముందుమాట, కృతజ్ఞతలు, విషయసూచిక కలిపి 22 పేజీలు. బండి వేడెక్కాలి కదా.

2వ తేదీ, మంగళవారం. ఉదయం 6:10

31 పేజీలు.

తెలిసింది: ఒకప్పుడు పెద్ద సర్వర్లు చేసే ప్రతి కంపెనీ తన చిప్ తనే చేసుకునేది. ఒక్కోదానికి ఒక్కో భాష. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రాం ఇంకోదాని మీద నడవదు. కొన్నవాడు ఇక ఆ కంపెనీ ఇంట్లో ఇల్లరికం ఉన్నట్టే.

డబ్బాలు సర్దుతున్న అక్కకి ఇదంతా చెప్పాను.

“ఇది చెప్పడానికి ఐదున్నరకి లేచావా?” అంది. “పదింటికి చెప్పినా నాకు అర్థం కాదు కదే.”

4వ తేదీ, గురువారం. ఉదయం 7:50

నిన్న సున్నా. అలారం మోగిందట. అక్క ఆపిందట. నేనే ఆపమన్నానట. సాక్షులు లేరు.

కొత్త లెక్క: మిగిలినవి 587, రోజులు 13. రోజుకు 45 చాలు. రెండు పేజీలు మిగిలిపోతాయి. రచయిత మన్నిస్తాడు.

ఇవాళ చదివినవి 12.

6వ తేదీ, శనివారం. మధ్యాహ్నం 3:00

వరసగానే చదవాలని రూలెక్కడుంది? మధ్యలో తెరిచాను. ఇటానియం అధ్యాయం. మిగతా పేజీలు కొత్తగా ఫెళఫెళలాడుతున్నాయి కానీ ఇవి మాత్రం బాగా నలిగి ఉన్నాయి. 28 పేజీలు ఊపిరి తీసుకోకుండా చదివాను.

మామూలు చిప్ మా అక్కలాంటిది. పాలు కాగేలోపు కూర తరుగుతుంది, కుక్కర్ కూత వేసేలోపు బావని లేపుతుంది, రెండూ ఆలస్యమైతే నన్ను తిడుతుంది. ఒక్క క్షణం వృథా పోనివ్వదు. ఇటానియం అలా కాదు. ఏది ముందు, ఏది తర్వాత, ఏ రెండు పనులు పక్కపక్కన చేయొచ్చు, ఇదంతా ప్రోగ్రాం తయారుచేసేటప్పుడే తేల్చి రాసిపెట్టాలి. చిప్ ఆ రాత ప్రకారం పోతుంది. కాగితం మీద అద్భుతం. పాలు మాత్రం కాగితం చూసుకుని కాగవు.

గోడ మీది నాలుగు రంగుల వైపు చూడకుండా పేజీ తిప్పాను.

ఆపైన గ్రాఫ్. ఈ చిప్ అమ్మకాలు ఆకాశానికి ఎగురుతాయని మార్కెట్ జోస్యులు గీత గీశారు. ఎగరలేదు. మరుసటి ఏడు కాస్త కిందుగా ఇంకో గీత. అదీ కాలేదు. ఏటా ఒక గీత, ఏటా ఇంకాస్త వంగి. విసనకర్ర విప్పినట్టుంది. ఈలోపు పోటీ కంపెనీ ఒకటి పాత రకం చిప్‌నే పెద్దది చేసి, పాత ప్రోగ్రాములు కూడా అలాగే నడుస్తాయని చెప్పి జనాన్ని ఎగరేసుకుపోయింది. పత్రికలవాళ్లు ఇటానియానికి మునిగిపోయిన పెద్ద ఓడ పేరు తగిలించారు.

ఇంత నవ్వించే పుస్తకాన్ని ఎవరూ చదవరేం?

8వ తేదీ, సోమవారం. సాయంత్రం 6:30

మా సర్వర్ గదిలో మూల నిలబడి ఉండే పాత మెషిన్‌ని అందరం ‘ముసల్ది’ అంటాం. పార్సిళ్ల రేట్లన్నీ లెక్కకట్టేది అదే. అందులో ఉన్నది ఇటానియం చిప్ అని నాకు తెలుసు. దాని చరిత్ర ఇంత ఘనమైనదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

“దీన్ని కొన్న మహానుభావుడెవరు?” అని ఇస్త్రీ చొక్కాని అడిగాను.

“ఎవరో పాత డైరెక్టరట. ఎప్పుడో వెళ్లిపోయాడు” అన్నాడు.

“నువ్వెంత వరకు చదివావు?”

“నేను చదవడం లేదు. మాట్లాడతాను.”

కొత్త లెక్క: రోజుకు 61. ఇవాళ ఇటానియం అధ్యాయమే మళ్లీ చదివాను, కాబట్టి లెక్కలోకి రాదు.

11వ తేదీ, గురువారం. ఉదయం 8:05

రోజుకు 92.

చదవకపోవడానికి కారణాలు: జలుబు. ముసల్దాని డిస్కు ఒకటి పోయి రెండు రోజులు దానికి చాకిరీ. పుస్తకం బరువు. గోడ మీది కాగితం చూస్తే కలిగే దిగులు.

బావ షాపుకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. “ఏం మరదలు గారూ, స్టూలుకి నాలుగో కాలు వేయించమంటారా?”

“అక్కర్లేదు బావా. మీ షాపు స్థాయికి మూడు చాలు.”

నవ్వాడు. నాకే నవ్వు రాలేదు.

14వ తేదీ, ఆదివారం. మధ్యాహ్నం 12:20

నా గ్రాఫ్ నేను గీసుకున్నాను. రోజుకు 40, 45, 61, 92, 183. ఆ జోస్యులు ఏటా తగ్గించుకుంటూ పోయారు. నేను పెంచుకుంటూ పోయాను. వాళ్లే నయం.

గీత బాగా కుదిరింది. స్కేలు పెట్టి రంగులు కూడా వేశాను. ఉదయమంతా అయిపోయింది.

16వ తేదీ, మంగళవారం. సాయంత్రం 5:45

547 పేజీలు మిగిలాయి. ఒక్క ఇటానియం మాత్రం కంఠతా వచ్చు. ఆవు వ్యాసం బట్టీపట్టి వెళ్లిన పిల్లాడికి కొబ్బరిచెట్టు ఇస్తే ఆవుని తెచ్చి చెట్టుకి కట్టేశాడట. రేపు ఏం అడిగినా కట్టేస్తాను.

17వ తేదీ, బుధవారం. మధ్యాహ్నం 2:10

కట్టేశాను.

బల్ల అవతల మేనేజర్ మేడం, బయటి నుంచి వచ్చిన నిపుణుడు, పెద్దాయన. కొత్త సర్వర్లకి ఏ చిప్ మంచిదని నిపుణుడు అడిగాడు. ఏది మంచిదో చెప్పాలంటే ముందు ఏది మంచిది కాదో చూడాలి సార్ అని ఇటానియాన్ని తోలుకొచ్చాను. అక్క వంటగది చెప్పాను, గ్రాఫ్ చెప్పాను, ఓడ చెప్పాను. నిపుణుడు నవ్వాడు. నాకు ఊపొచ్చింది.

“ఆ గీతలు నమ్మి కొన్నవాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది సార్. ఎవరో మన దగ్గర కూడా ఒకాయన కొన్నాడు.”

మేడం కిటికీ వైపు చూసింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఆ ఒకాయన్ని నేనేనమ్మా” అన్నాడు. “మొదటి గీత చూసి కొన్నాను. తర్వాతి గీతలు ఏటేటా చూస్తూ ఇక్కడే కూర్చున్నాను.”

జిరాక్స్ షాపు వాసన ముక్కుకి తగిలింది.

“సరే, తప్పే” అన్నాడు. “నెలాఖరుకి ఆపేద్దామా? నీకంటే ముందు వచ్చినతను రెండు వారాల్లో అన్నీ కొత్తదానికి మార్చేస్తానన్నాడు.”

“వద్దు సార్.” నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది.

“ఎందుకు? ఇప్పుడేగా తిట్టావు.”

“దాని ప్రోగ్రాములు దాని కోసమే తయారైనవి. ఇంకో చిప్ మీద పెట్టాలంటే మనిషి రాసిన అసలు ప్రతి, అదే సోర్స్ కోడ్, తీసుకుని మళ్లీ తయారుచేయాలి. రేట్ల ప్రోగ్రాముల్లో ఎనభై ఆరింటికి సోర్స్ కోడే లేదు. పోయినేడు డిస్కులన్నీ వెతికాను. ఇప్పుడు దాన్ని ఆపితే ఒకటో తేదీ నుంచి పార్సిల్‌కి ఎంత తీసుకోవాలో మన కౌంటర్లలో ఎవరికీ తెలియదు.”

మేడం కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. “ఇది ఎవరికైనా చెప్పావా?”

“ఎవరూ అడగలేదు మేడం.”

20వ తేదీ, శనివారం. ఉదయం 11:00

కుర్చీ ఇస్త్రీ చొక్కాకే. చదవకుండా మాట్లాడేవాళ్లకి కుర్చీలు నప్పుతాయి.

నాకూ ఒక కాగితం ఇచ్చారు. పని: లేని ఎనభై ఆరు ప్రోగ్రాములూ, ముసల్దాని నడత చూసి కొత్తగా రాయడం. కాంట్రాక్టు గడువు అన్నచోట తేదీ లేదు. ‘సదరు సర్వర్‌ను ఆపివేయు వరకు’ అని ఉంది.

బావ రెండుసార్లు చదివాడు. “అంటే పని పూర్తి చేసిన రోజే నీ ఉద్యోగం పోతుంది.”

“అంతే.”

“ఏదీ పూర్తి చేయనివాళ్లకి జీవితాంతం ఉద్యోగం.” కాగితం అక్క చేతికిచ్చాడు. “వీళ్లు మీ చెల్లెల్ని ఎన్నేళ్లుగా గమనిస్తున్నారే?”

అక్క నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. ఆరంభశూరత్వం ఒక అర్హత అవుతుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు నాకు.

ఇందాకే పెద్దాయనకి ఫోన్ చేసి ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత అడిగాను. “నిజంగానే పూర్తి చేసేస్తే ఏమవుతుంది సార్?”

“తెలియదమ్మా. పని పూర్తి చేసిన మనిషిని ఈ కంపెనీ ఇంతవరకు చూడలేదు. చూస్తే ఏం చేస్తుందో, నాకూ చూడాలనుంది.”

22వ తేదీ, సోమవారం. ఉదయం 5:30

నిర్ణయం: ఎనభై ఆరు ప్రోగ్రాములు, రోజుకు రెండు, నలభై మూడు రోజులు. ఈ భాగహారం కూడా శుభ్రంగానే తెగింది. అందుకే కాస్త భయంగా ఉంది. టైంటేబుల్ వేయలేదు.

సాయంత్రం 5:10. ఒకటి అయింది. అన్నిటికంటే చిన్నది. రసీదు మీద తేదీ అచ్చువేసే ప్రోగ్రాం. కొత్త సర్వర్ మీద నడిపి చూశాను. 22 అని పడింది. ముసల్దాన్నీ అడిగాను. అదీ అదే చెప్పింది.

రేపు మూడు రాస్తాను.