పిన్ని తొక్కిన బ్రేకు

బాబాయ్,

ఈ ఉత్తరం చదివేముందు ఓసారి కూర్చో. నువ్వు నాకిచ్చిన పాత జీపుకి బ్రేకులు మార్పించాను. "దేన్నైనా మార్చు, బ్రేకుల జోలికి మాత్రం పోకు" అన్నావు, గుర్తుంది. కానీ మొక్కలు నింపుకుని మా నర్సరీ వాలు దిగేటప్పుడల్లా ప్రాణం అరచేతిలో పెట్టుకునేదాన్ని. అందుకే ముందు చక్రాలకి పాత డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు పెట్టించాను.

నువ్వు నేర్పిన పద్ధతి ఉందిగా: మొదటి తొక్కు బండికి చెప్పడానికి, రెండోది బతిమాలడానికి, మూడోది ఆగడానికి. కొత్త బ్రేకుల మీద కూడా అలవాటు కొద్దీ అలాగే మొదలుపెట్టాను. మొదటి తొక్కుకే బండి ఠక్కున ఆగింది. పక్కన కూర్చున్న మెకానిక్ టోపీ ఎగిరి అద్దానికి తగిలింది. "ఇప్పుడు ఒక్కసారి చెప్తే వింటుందమ్మా!" అన్నాడు.

అసలు సంగతి ఇంకోటి. పక్క సీటు ముందున్న రబ్బరు మ్యాట్ ఎత్తి, "ఇక్కడ కూడా పెడల్ ఉండేదా?" అని అడిగాడు. చూస్తే రంగంతా లేచిపోయి, రేకు సొట్టపడి, అచ్చం మడమంత గుంట. నవ్వు ఆపుకోలేకపోయాను. అది పిన్ని కూర్చునే చోటు కదా! ముప్పై ఏళ్లు బండికి గీత పడకుండా నడిపానని మీసం తిప్పుతావు. సగం బ్రేకు పిన్నే తొక్కింది బాబాయ్.

ఆ సొట్ట సరిచేయించలేదు, అలాగే ఉంచాను. ఆదివారం మిమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తాను. కోపమొస్తే నువ్వు వెనక కూర్చో. పిన్నిని మాత్రం ముందు సీట్లో, కాళ్లు పైకి ముడుచుకుని హాయిగా కూర్చోమను.

నీ మాట వినని
నీ అన్న కూతురు