ఎవరూ తీసుకెళ్ళని రొట్టెలు

ఫెజ్, ఆదివారం

తూరియా అక్కకి సలాం.

నా కొత్త చిన్న సినిమాకి పనులు మొదలుపెట్టాను. అమ్మ వేషం బతూల్ గారు వేస్తున్నారు. నిన్న కెమెరామన్‌తో మన పాత ఇంటికి వెళ్ళి మెట్లు కొలిచాను. అమ్మ పడిన మెట్టు మీద గుర్తుకి తెల్ల టేపు అంటించాను. ఏమీ అనిపించలేదు.

రిహార్సల్లో బతూల్ గారు కలిపిన పిండిని, అమ్మ పంపినట్టే పలక మీద పెట్టి గుడ్డ కప్పి, కాల్పించడానికి మన వీధి రొట్టెల బట్టీకి మోసుకెళ్ళాను. బట్టీ బూఅజ్జా మామ గుడ్డ ఎత్తి చూసి, "ఇది మీ అమ్మ చెయ్యి కాదే!" అన్నాడు. సినిమా కోసమని చెప్పాను.

"అయితే ఇదీ రాసుకో. మీ అమ్మ పోయిన రోజు ఆమె రొట్టెల కోసం ఎవరూ రాలేదు. ఐదూ ఆ అరలోనే ఉంచాను. మూడు రోజులు చూశాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదురా, సరుకులు మోసే గాడిదల వాళ్ళకి ఇచ్చేశాను."

రాసుకున్నాను. ఆ అర మీద ఎండ ఏ వేళకి పడుతుందో అడిగాను.

స్క్రిప్టు పంపితే నువ్వు "చదివాను, తియ్యి" అని మాత్రం రాశావు. అందులో అమ్మ రొట్టెలు తెమ్మని కూతుర్ని పంపుతుంది. కూతురు స్నేహితురాలి ఇంట్లో కబుర్లలో పడుతుంది. చూసి చూసి అమ్మే బయల్దేరి మెట్ల మీద జారుతుంది.

నువ్వప్పటికే టాంజియర్‌లో కాపురం ఉన్నావు. అమ్మ పంపింది నన్ను. నేను సినిమా హాల్లో కూర్చున్నాను.

కూతురి వేషానికి తీసుకున్న అమ్మాయిని ఇవాళ వద్దన్నాను. ఇరవై ఏళ్ళ కుర్రాడి కోసం వెతుకుతున్నాను.

నీ తమ్ముడు