శిరీష రాయని పది మార్కులు

రాజమండ్రి,
శుక్రవారం సాయంత్రం.

సత్తెక్కా,

నీకూ బావగారికీ నా నమస్కారాలు. బావగారి మోకాలి వాపు తగ్గిందా? కాఫీలో పంచదార మానేశానని నువ్వు చెప్పావు. నిజంగానే మానేశావో, నా నోరు మూయించడానికి అన్నావో నాకు తెలియాలి. మీ అబ్బాయి పడవ క్షేమంగా ఒడ్డుకు వచ్చిందని విని స్థిమితపడ్డాను. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నా గురించి దిగులు పెట్టుకోకు.

ఫోను చేయకుండా ఈ ఉత్తరాలేమిటని అడుగుతావు. ఈ ఇంట్లో ఏ మూల నిలబడి ఫోను మాట్లాడినా అన్ని గదులకూ వినిపిస్తుంది. ఈసారి చెప్పవలసినది అందరూ వినేది కాదు.

కెరటాలు నా వంటగది గోడ పట్టుకుపోయాక వసంత వచ్చి నన్ను ఇక్కడికి తెచ్చింది. ఇవాల్టికి యాభై మూడు రోజులు. మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ కిటికీ. గోదావరికి ఎర్రనీరు వచ్చిందని అందరూ చూడడానికి వెళ్తున్నారు. నేనూ ఒకసారి గట్టు మీదికి వెళ్ళాను. అంత నీరు ఉండి కూడా చప్పుడు లేదు. ఇరవై నాలుగు గంటలూ సముద్రం హోరు విన్న చెవులకు ఈ ఊరు చెవిటిదిగా ఉంది. ఉక్క మాత్రం ఉప్పాడలో కంటే ఎక్కువ. తిండికి లోటు లేదు, పులుపే సరిపోదు. నువ్వు మూట కట్టి ఉంచానన్న ఎండు నెత్తళ్ళు పంపకు. కిందటిసారి వేయిస్తే పక్క ఫ్లాటావిడ వచ్చి ముక్కు మూసుకుని నిలబడింది. అల్లుడు ఏమీ అనలేదు, లేచి కిటికీలు తెరిచాడు. అనేసినా బాగుండేది.

ఉదయం ఎనిమిదింటికల్లా ఇల్లు ఖాళీ అవుతుంది. సాయంత్రం నాలుగున్నరకు పిల్లలు వచ్చేదాకా నాతో మాట్లాడే మనిషి లేదు. అందుకే రెండో వారంలో వసంత, “అమ్మా, పిల్లలిద్దరికీ ఇంగ్లీషు గ్రామర్ చూడవా? స్కూల్లో సరిగ్గా చెప్పట్లేదు,” అన్నప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో నీకు రాయలేదు. ముప్పై నాలుగేళ్ళు చేసిన పని కదా. చేతికి మళ్ళీ సుద్దముక్క వచ్చినట్టయింది.

పెద్దది శిరీష, ఎనిమిదో తరగతి. చిన్నది దివ్య, ఏడు. పెద్దది పొట్టి, నెమ్మది. చిన్నది అప్పుడే అక్క చెవి దాటి ఎదిగింది, ఏదైనా ఒకసారి చెబితే పట్టేస్తుంది. మొదలుపెట్టిన పాఠం, ఒకదానితో ఒకటి పోల్చి చెప్పే మాటలు. “ఆ ఇంగ్లీషులో అంతసేపు ఏం చెబుతావే?” అని నువ్వు నన్ను ఎన్నోసార్లు అడిగావు. నేనెప్పుడూ తిన్నగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, విను. మన తెలుగులో పొడుగు అన్న మాట ఎప్పటికీ పొడుగే. దీనికంటే అనో, అందరికంటే అనో పక్కన చేర్చుకుంటాం. ఇంగ్లీషులో మాటే మారిపోతుంది. టాల్ అంటే పొడుగు. ఒకరికంటే పొడుగైతే టాలర్. అందరిలోకీ పొడుగైతే టాలెస్ట్. మాట పెద్దదైతే ఆ తోక పట్టదు, ముందు మోర్ అనో మోస్ట్ అనో పెట్టాలి. గుడ్, బ్యాడ్ లాంటివి ఏ లెక్కకూ లొంగవు. గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. వాటిని కంఠతా పట్టవలసిందే.

ఇవి చెప్పడానికి నేను సర్వీసంతా ఒకే పద్ధతి వాడాను. ముగ్గురు పిల్లలను లేపి బోర్డు ముందు వరసగా నిలబెట్టేదాన్ని. వీడు పొడుగు, వీడు ఇంకా పొడుగు, వీడు అందరిలోకీ పొడుగు. తరగతంతా నవ్వేది, పాఠం మనసులో నిలిచేది. పొడుగుతో ఆగలేదు. తెలివి, శుభ్రం, చేతివ్రాత, రంగు, అన్నింటికీ పిల్లలనే నిలబెట్టాను. చివర నిలబడ్డ పిల్లలు ఇంటికి వెళ్ళి ఏమనుకున్నారో నేను ఆలోచించలేదు. పరీక్షలో మార్కులు వచ్చేవి, నాకది చాలు.

ఇక్కడా అదే చేశాను. రోజూ సాయంత్రం ఒక కాగితానికి ఎర్ర గీతలు కొట్టి, ఎవరికి ఎన్ని మాటలు వచ్చాయో, ఎన్ని తప్పులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించేదాన్ని. ఇరవైకి దివ్యకు పద్దెనిమిది, శిరీషకు పన్నెండు. మర్నాడు దివ్యకు పంతొమ్మిది, శిరీషకు పదకొండు. వాక్యాలు కూడా వాళ్ళ మీదే. శిరీష జాగ్రత్త గల పిల్ల, దివ్య మరింత జాగ్రత్త గల పిల్ల. దివ్య ఆ వాక్యాన్ని గొంతెత్తి చదివేది. శిరీష నోట్సులో ఎత్తి రాసుకునేది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. కోపం గానీ కన్నీళ్ళు గానీ లేవు. నేను దాన్ని వినయం అనుకున్నాను.

యూనిట్ టెస్టు అయ్యాక స్కూలు నుంచి వసంతకు ఫోను వచ్చింది. ఇంగ్లీషు పేపర్లో శిరీష ఒక ప్రశ్నను పూర్తిగా వదిలేసిందట. పది మార్కులు. ఈ పోలికల ప్రశ్నే. మిగిలిన పేపరంతా రాసి, అక్కడ మాత్రం తెల్లగా వదిలింది.

వసంత పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. శిరీషను పిలిచి, ఆ ప్రశ్నలో ఉన్న పది మాటలూ నోటితో అడిగాను. పదికి పదీ చెప్పింది. తడుముకోలేదు.

“వచ్చే కదే! మరి ఎందుకు రాయలేదు?”

“రాయాలనిపించలేదు.”

“అదేం జవాబు? టైము చాలలేదా?”

“చాలింది అమ్మమ్మా. పావుగంట ఖాళీగా కూర్చున్నాను.”

“కూర్చుని ఏం చేశావు?”

“రాస్తే ఎన్ని వచ్చాయని అడుగుతావు. తర్వాత చెల్లికి ఎన్ని వచ్చాయని అడుగుతావు. తర్వాత ఎందుకు తక్కువ వచ్చాయని అడుగుతావు. రాయకపోతే ఎందుకు రాయలేదని ఒక్కటే అడుగుతావు కదా. ఒక్కటే నయం అనుకున్నాను.”

నేను చెయ్యెత్తాను అక్కా. కొట్టలేదు. ఎత్తానన్న మాట దాచితే ఈ ఉత్తరం రాసి లాభం లేదు.

వసంత వంటగదిలోంచి వచ్చింది. ఫ్రిజ్ మీద కాగితాలన్నీ ఒక్కొక్కటే ఊడబీకి మడిచింది. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని.

“అమ్మా, నీకు ఇంట్లో మనుషులు కనిపించరు. ఉదాహరణలే కనిపిస్తారు.”

“పాఠం అలాగే చెప్తారే.”

“నాకూ అలాగే చెప్పావు. అన్నయ్యని చూసి నేర్చుకో అన్నావు. అన్నయ్యకేమో మీ స్కూలు పిల్లల్ని చూపించావు. మేమిద్దరం ఇప్పుడు పండక్కి ఒక మెసేజ్ పెట్టుకుంటాం, అంతే. వీళ్ళిద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. నువ్వొచ్చాక పెద్దది హాల్లో చాప వేసుకుంటోంది. చూశావా?”

చూశాను. ఉక్కగా ఉందని హాల్లో పడుకుంటోంది అనుకున్నాను.

“రేపట్నుంచి వాళ్ళకి నువ్వు చెప్పొద్దమ్మా. నీకు దండం పెడతాను,” అంది.

ఊళ్ళో ఎదురుపడితే ఇప్పటికీ చెప్పులు విడిచి నమస్కారం పెట్టే శిష్యులున్నారు నాకు. నా కడుపున పుట్టిన పిల్ల నన్ను పాఠం చెప్పొద్దంది. ఆ పూట అన్నం వద్దన్నాను. ఒకసారి అడిగారు, రెండోసారి అడగలేదు. నీ ఇంట్లో అయితే కంచం తెచ్చి ఒళ్ళో పెట్టేదానివి.

రెండు వీధుల అవతల రాంబాబు అని ఒక కుర్రాడు రేకుల షెడ్డులో ట్యూషన్ చెబుతాడు. గోదావరి మీద చేపల వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది. డిగ్రీ సగంలో ఆపేశాడు. శిరీషను అక్కడ చేర్చారు. దింపి తీసుకురావడానికి ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిని నేనే. మూడు వారాలుగా ఆ పిల్ల నాకు నాలుగడుగులు ముందు నడుస్తుంది. నేను గొడుగు పట్టుకుని వెనక నడుస్తాను. అడిగినదానికి ఊఁ, ఉహూఁ తప్ప మాట లేదు. షెడ్డుకు ఎదురుగా మందుల షాపు మెట్టు మీద గంటసేపు కూర్చుంటాను. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇంకొకరి బడి బయట కాపలా. ఆ షాపువాడు రోజూ, “ఇంకా అవలేదాండి మామ్మగారూ?” అంటాడు. ఆ మాట కూడా నాకు కారంలాగే ఉంటుంది.

నిన్న ఆ కుర్రాడు ఈ పోలికల పాఠం చేపల పేర్లతో మొదలుపెట్టాడు. రేకుల షెడ్డు కదా, ప్రతి మాటా బయటికి వినిపించింది.

“చందువా ఈజ్ బిగ్. మరి వంజరం?”

“బిగ్గర్!” అని అరిచారు పిల్లలు.

“సొర?”

“బిగ్గెస్ట్!”

“మరి పులస సంగతేంటి?”

“సైజు తక్కువేనండి, రేటు చెప్తే మా నాన్న పారిపోతాడండి!” అన్నాడెవడో. షెడ్డంతా గొల్లుమంది.

“అయితే ఎక్స్‌పెన్సివ్ అను. పెద్ద మాట రా అది. చిన్న పడవైతే వెనక నుంచి తోస్తే కదులుతుంది. పెద్ద పడవని ముందు తాడు కట్టి లాగాలి. చిన్న మాటకి వెనక తోక, పెద్ద మాటకి ముందు మోర్. అర్థమైందా?”

ఇంత కాలంలో ఈ సూత్రాన్ని నేను ఇంత తేలికగా చెప్పలేదు. మరు నిమిషంలోనే ఆ కుర్రాడు మోర్ టేస్టియర్ అన్నాడు. అది తప్పు, ఒకచోట రెండూ పెట్టకూడదు. మెట్టు మీద నుంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. లేచి వెళ్ళి దిద్దితే శిరీష మర్నాటి నుంచి అక్కడికీ రాదు.

అక్కా, మనం వల మీద బతికిన ఇంటివాళ్ళం. నేను కొన్న ప్రతి పుస్తకమూ నీ బుట్టలోంచి వచ్చింది. అయినా అన్నేళ్ళలో ఒక్కనాడూ నల్లబోర్డు మీద చేప పేరు రాయలేదు. రాస్తే నా ఒంటికి వాసన అంటుకుంటుందేమో అని భయం. నువ్వు బడి గేటు దగ్గరికి వస్తే బుట్ట దూరంగా పెట్టి రమ్మనేదాన్ని. నువ్వు పెట్టే వచ్చేదానివి, ఎందుకని అడగలేదు. చేపలను పోల్చితే ఏ చేపా చిన్నబోదు. ఆ సంగతి ఎదురుగా పెట్టుకుని నేను పిల్లలను నిలబెట్టాను.

షెడ్డులోంచి శిరీష గొంతు వినిపించింది. ఇంట్లో వినని గొంతు.

“సార్, వంజరం ఈజ్ బెటర్ దేన్ సొరండి. కానీ ముక్క పల్చగా కోస్తే పొడైపోద్దండి. వెడల్పుగా కొయ్యాలండి.”

“అమ్మో! నీకివన్నీ ఎవరు చెప్పారమ్మా?”

“మా పెద్దమ్మమ్మగారిది ఉప్పాడండి. చేపలమ్ముతారండి. మొప్ప ఎత్తి చూసి, అది ఎప్పుడు పడిందో చెప్పేస్తారండి. ఆవిడకి తెలిసినన్ని ఎవరికీ తెలీవండి.”

“అయితే ఆవిడే బెస్ట్ అన్నమాట!”

“అవునండి,” అని నవ్వింది. ఈ ఊరు వచ్చాక దాని నవ్వు వినడం నాకదే మొదటిసారి. తనకు ఇంగ్లీషు టీచరు చేసిన అమ్మమ్మ ఉందనీ, ఎదురు మెట్టు మీదే కూర్చుందనీ చెప్పలేదు.

నాకు కడుపు మండింది. అబద్ధమాడను. నీ మీద కాదు, కానీ నీ పేరు వినగానే మండింది. పిల్లను పిల్లతో పోల్చొద్దని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఈ వయసులో నేను మెట్టు మీద కూర్చుని నన్ను నీతో పోల్చుకుని కుళ్ళుకున్నాను. ఈ జబ్బు పాఠంతో పోయేది కాదని అప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు వాన మొదలైంది. శిరీష ఆగి, గొడుగు కిందికి వచ్చింది.

“అమ్మమ్మా, దసరా సెలవులకి నేను ఉప్పాడ వెళ్తాను. పెద్దమ్మమ్మ దగ్గరికి.”

“అలాగే. నాకూ ఒకసారి ఇల్లు చూసుకోవాలని ఉంది. ఇద్దరం బస్సులో...”

“నేనొక్కదాన్నే,” అంది. “అమ్మ దింపుతుందిలే.”

సరేనన్నాను.

కాబట్టి వసంత దాన్ని తీసుకొస్తుంది. రేవుకు నీతో తీసుకెళ్ళు. పేర్లన్నీ చెప్పు, వేలంపాట చూపించు. ఎండు నెత్తళ్ళు దానికి ఇష్టం, అక్కడే వేయించి పెట్టు. నా ట్రంకు పెట్టెలో పాత పాఠాల నోట్సులు ఉన్నాయి, దాని కంట పడనివ్వకు, పొయ్యిలో పెట్టేయి. మార్కులు ఎన్నని అడగొద్దు, దివ్య ఊసు తేవద్దు అని రాయబోయి ఆగాను. అవి నీకు చెప్పవలసిన మాటలు కావు.

పెద్దదానివి, ఇద్దరు పిల్లలనూ దీవించు. దివ్యను కూడా. దాన్ని ముందు నిలబెట్టింది నేనే, దాని తప్పు లేదు. నన్ను కూడా దీవించు. బావగారికి వేడినీళ్ళ కాపడం మానవద్దు. వీధిలో అడిగిన పెద్దలందరికీ నా నమస్కారాలు, నేను కులాసాగా ఉన్నానని చెప్పు. దసరాకు నువ్వూ వస్తావా అని జవాబులో అడగకు. నేను రావడం లేదు. అది నన్ను రమ్మనలేదు.

నీ చెల్లెలు,
నూకరత్నం