అమ్మ కొలతలు

అమ్మకు,

నీ పిచ్చుక నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమనే ఫోన్లో మెసేజ్ పెట్టావు కానీ, మెట్ల మధ్యలో కూలబడి "ఏం లేదే, చెప్పులో రాయి పడింది" అన్నావని పిన్ని రాసింది. మీ అక్కాచెల్లెళ్ళలో ఈసారికి పిన్నినే నమ్ముతున్నాను, ఏమీ అనుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కుంటావని తెలుసు. నీ గుండె ఆపరేషన్ మాట ఎత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. పక్కింటావిడ జాకెట్టు ఎలా పాడైందో చెప్పడానికి మాత్రం గంటసేపు ఉంటుంది. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు. అందుకే కొరియర్లో పంపుతున్నాను, రేపటికల్లా నీ చేతికొస్తుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. గది మారలేదు, కిటికీ అవతల లాండ్రీ, రోజంతా ఇస్త్రీ ఆవిరి. చదువు చివరికొచ్చింది. బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "మా అమ్మాయి గుండె డాక్టర్" అంటున్నావట. డాక్టర్ని కాదమ్మా. డాక్టర్ రోగి గుండె ఆపి, పాడైన కవాటం మార్చేంతసేపూ ఒంట్లోకి రక్తం పంపే యంత్రం ఒకటుంటుంది. దాన్ని నడపడం నేర్చుకుంటున్నాను. పెర్ఫ్యూజనిస్ట్ అనాలని చెప్తే, "నోరు తిరగట్లేదు, డాక్టరే బాగుంది" అని రాశావు. సరే, నీతో వాదించి ఎవరు గెలిచారు గనక.

మా పనిలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. డాక్టర్ ఏం చెప్పినా, విన్నవాళ్ళం దాన్ని పైకి తిరిగి చెప్పాలి. ఆయన "పంప్ మొదలుపెట్టు" అంటే మేము "పంప్ మొదలుపెడుతున్నా" అనాలి. అప్పుడే చెయ్యి కదలాలి. తలూపితే చెల్లదు, ఆయన కళ్ళు గుండె మీదుంటే మా తల ఎవరు చూస్తారు? ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, మొన్న బస్సులో కండక్టర్ "ముందుకు జరగమ్మా" అంటే "ముందుకు జరుగుతున్నా!" అని గట్టిగా అరిచాను. బస్సంతా నావైపే చూసింది.

ఇక నువ్వు వేళాకోళంగా అడిగిన ప్రశ్న. "ఎత్తు అడిగావు, బరువు అడిగావు, భుజం అడగలేదు, నడుము అడగలేదు. ఏం కుడదామనే నాకు, గోనెసంచా?" అని రాశావు. చదివి పగలబడి నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఎందుకడిగానో చెప్తాను, చివరిదాకా చదువు.

మనిషి ఎత్తూ బరువూ బట్టే నిమిషానికి ఎంత రక్తం తిప్పాలో లెక్క కడతాం. మేం నేర్చుకునే గదిలో నీళ్ళతో నడిపే యంత్రముంది. మాకు నేర్పే మేడం డాక్టర్ లాగా నిలబడి ఆర్డర్లు వేస్తుంది. ఏ అలారం మోగినా, ఎందుకో చూడకుండా దాని నోరు నొక్కెయ్యనివ్వదు, అందుకని వెనకాల ఆమెని "అలారం మేడం" అంటాం. సాధనకు రోజూ ఎవరో ఒకరివని ఊహించిన కొలతలు వేస్తాం. ఆ రోజు నీవి వేశాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వు దాచిన రెండు కిలోలూ కలిపే వేశానులే.

గొట్టాల్లో ఒక్క బుడగ లేకుండా చూశాను. అన్నీ సరిగ్గానే చేశాను. మేడం "పంప్ మొదలుపెట్టు" అంది. నాకు మాట రాలేదమ్మా. మళ్ళీ అంది. గొట్టం మీది క్లిప్పు తీయాల్సిన చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. లోపలున్నవి నీళ్ళేనని తెలుసు. అయినా కుట్టుమిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, గుండె పట్టుకుని ఊపిరి తీసుకునే నువ్వే కనిపించావు. చివరికి మేడం నా చెయ్యి పక్కకు తీసి తనే మొదలుపెట్టింది.

"ఎవరివి ఈ కొలతలు?" అంది.

"మా అమ్మవి."

"సొంతవాళ్ళ కేసు మనం పట్టకూడదని మొదటి క్లాసులోనే చెప్పానా, లేదా?"

"చెప్పారు మేడం."

అదీ ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచిన మాట. నా చదువు పూర్తయినా నీ ఆపరేషన్‌లో యంత్రం దగ్గర నన్ను కూర్చోనివ్వరు. ఆ సంగతి మొదటి క్లాసులోనే తెలిసింది, ఆ తర్వాతే నేను సెలవులకు ఇంటికొచ్చింది. "మా పిచ్చుక కూర్చుంటేనే నేను పడుకుంటాను, దాని చదువయ్యేదాకా ఆగుతాను" అని నువ్వు అక్కడి డాక్టర్‌తో అంటుంటే, పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. ఆ మాట నాకెంత గొప్పగా అనిపించిందో! నన్నంత నమ్మినవాళ్ళు ఇంకెవరూ లేరు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూనే గడిపేశాను. ఈలోగా నీ గుండె అలిసిపోతూ వచ్చింది. గబగబా మేడెక్కే మనిషివి, ఇప్పుడు సగం మెట్ల మీద కూర్చుంటున్నావు. ఆ పాపం నాదే. ఎంత ఏడ్చినా ఆ నెలలు వెనక్కి రావు. నన్ను తిట్టు, తప్పకుండా తిట్టు. కానీ ఆపరేషనయ్యాక తిట్టు, దానికైనా ఊపిరి కావాలి కదా.

నీ రిపోర్టులు ఇక్కడి డాక్టర్‌కి చూపించాను. "ఇంతకాలం ఎందుకాగారు?" అన్నాడు. ఇంకా జాప్యం చేస్తే ఆపరేషన్‌కి తట్టుకునే శక్తి కూడా ఉండదన్నాడు. వచ్చే వారం ఇక్కడే, మా ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు. యంత్రం దగ్గర అలారం మేడమే కూర్చుంటుంది. నేను అడగలేదు, తనంతట తనే అంది. ఆమె దగ్గర మాత్రం కిలోలు దాచకు. నేను బయట వరండాలో బల్ల మీద కూర్చుంటాను, అందరి కూతుళ్ళలాగే. ఇంత చదివింది ఇందుకా అని నవ్వుకో, ఫరవాలేదు.

కుట్టాల్సిన బట్టలున్నాయని వంక పెట్టకు. అవన్నీ ఎవరివి వాళ్ళకు పిన్ని ఇచ్చేస్తానంది.

ఇప్పుడు నేనొకటి చెప్తాను, నువ్వు మా పద్ధతిలో తిరిగి చెప్పాలి. తలూపితే చెల్లదు, ఇక్కణ్ణుంచి నీ తల నాకు కనిపించదు. ఫోన్ చేసి, సిగ్నల్ పోకముందే ఒక్క మాట అని పెట్టేయ్.

అమ్మా, నా కోసం ఆగకు. బయల్దేరు.

"బయల్దేరుతున్నా" అను.

ఇట్లు,
ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న
నీ కూతురు